స్టికీ టాఫీ పుడ్డింగు

స్టికీ టాఫీ పుడ్డింగు బ్రిటనులో భోజనం చివర వడ్డించే ఒక తీపి వంటకం. వేడినీటిలో నానబెట్టి మెత్తబరచిన ఖర్జూరపు పండ్లను కేకు పిండిలో కలిపి, అంచులున్న పళ్ళెంలో పోసి ఓవెనులో కాలుస్తారు. తరువాత దానిని చదరపు ముక్కలుగా కోసి, వెన్న, బ్రౌన్ షుగరు, మీగడ కలిపి కాచిన చిక్కని తీపి సాసును పైన ధారాళంగా పోసి వేడివేడిగా వడ్డిస్తారు. ఇంగ్లాండు వాయవ్య భాగంలోని కంబ్రియా కౌంటీకి, అందులోని లేక్ డిస్ట్రిక్ట్ అనే సరస్సుల ప్రాంతానికి ఇది పేరు తెచ్చింది. అక్కడికి వచ్చే యాత్రికులు ఇది శతాబ్దాల నాటి పల్లెటూరి వంటకమని భావిస్తూ ఉంటారు. నిజానికి ఈ వంటకం నేటి రూపంలో 20వ శతాబ్దపు మధ్యకాలం కంటే పాతదని చూపే గట్టి ఆధారం లేదు. దీనిని మొదట ఎవరు చేశారన్న విషయంపై కూడా భిన్నమైన కథనాలు ఉన్నాయి.

పేరు

ఆంగ్లంలో స్టికీ అంటే చేతికి అంటుకునేంత జిగటగా ఉన్నది అని అర్థం. టాఫీ అనేది చక్కెర, వెన్న కలిపి కాచి, చల్లార్చి గట్టిపరచిన మిఠాయి. అయితే ఈ వంటకంలో నిజమైన టాఫీ లేదు. టాఫీ తయారుచేయడానికి పాకం సుమారు 150 డిగ్రీల సెల్సియస్ వరకు కాగాలి. తెలుగు వంటింటి మాటల్లో చెప్పాలంటే అది ముదురుపాకాన్ని కూడా దాటిన స్థితి. పుడ్డింగు పైన పోసే సాసు తీగపాకం వరకు కూడా రానవసరం లేదు. చక్కెర పూర్తిగా కరిగి, మీగడ, వెన్న దానితో కలిసిపోయి, గరిటెకు పట్టుకునేంత చిక్కబడితే చాలు. రంగులోను, వాసనలోను టాఫీని పోలి ఉండటమే పేరుకు కారణం.

పుడ్డింగు అనే మాట కూడా కొంత వివరించవలసినదే. తెలుగువారు ఈ మాట వినగానే పాలు, గుడ్లు కలిపి చేసే కస్టర్డు పుడ్డింగునో, బ్రెడ్డు పుడ్డింగునో తలచుకుంటారు. బ్రిటనులో మాత్రం భోజనం చివర తినే ఏ తీపి వంటకాన్నైనా పుడ్డింగు అని పిలవడం వాడుక. కాబట్టి స్టికీ టాఫీ పుడ్డింగు నిర్మాణం రీత్యా కేకు, వడ్డించే సందర్భం రీత్యా పుడ్డింగు. ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశాలలో దీనిని స్టికీ డేట్ పుడ్డింగు, అంటే ఖర్జూరపు పుడ్డింగు అంటారు. లోపల ఉన్నదేమిటో చెప్పే ఈ పేరే వంటకానికి ఎక్కువ సరిపోతుంది.

చరిత్ర

పూర్వరంగం

19వ శతాబ్దపు ఇంగ్లీషు పుడ్డింగులలో చాలా భాగం కాల్చినవి కావు. పిండిలో పశువుల మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వును తురిమి కలిపి, ఎండు పళ్ళు వేసి, గుడ్డలో మూటగట్టి నీటిలో ఉడికించేవారు, లేదా గిన్నెలో పెట్టి ఆవిరిపై గంటల తరబడి ఉడకనిచ్చేవారు. క్రిస్మసు పుడ్డింగు ఈ కోవకు చెందినదే. వీటిలో సాధారణంగా వాడినవి ఎండుద్రాక్ష జాతులు. ఖర్జూరంతో చేసిన ఉడికించిన పుడ్డింగులు కూడా ఉండేవి.

బ్రిటనులో ఖర్జూరం పండదు. అక్కడికి చేరిన ఖర్జూరంలో ఎక్కువ భాగం పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికాల నుండి ఓడలలో వచ్చినదే. 20వ శతాబ్దంలో చాలాకాలం ప్రపంచంలోకెల్లా ఎక్కువ ఖర్జూరాన్ని ఎగుమతి చేసిన దేశం ఇరాకు; బస్రా దాని ప్రధాన రేవు. గింజలు తీసి ఇటుకల్లా అదిమిన వంట ఖర్జూరం బ్రిటనులో చవకగా దొరికేది. ఈ పుడ్డింగులోకి ఖర్జూరం వచ్చింది విలాసవస్తువుగా కాదు, ఈ చవక సరుకుగానే.

బ్రౌన్ షుగరుకు ఈ ప్రాంతంతో అంతకంటే పాత సంబంధం ఉంది. 18వ శతాబ్దంలో కంబ్రియా తీరంలోని వైట్‌హేవెన్, దానికి దక్షిణాన ఉన్న లాంకాస్టరు రేవులకు వెస్టిండీస్ దీవుల నుండి చక్కెర, రమ్ము, మసాలాలు వచ్చేవి. ఈ చక్కెర, రమ్ముల తయారీ ఆఫ్రికా నుండి బలవంతంగా తెచ్చిన బానిసల శ్రమపై నడిచింది. ఈ రెండు రేవుల నుండీ బానిసల వ్యాపారానికి ఓడలు బయలుదేరాయి. వెన్న, బ్రౌన్ షుగరు, రమ్ము కలిపి చేసే కంబర్లాండు రమ్ బటరు అనే తీపి పదార్థం ఆ వ్యాపారకాలపు గుర్తుగా నేటికీ ఉంది. స్టికీ టాఫీ పుడ్డింగు ఆ కాలం నాటిది కాకపోయినా, బ్రౌన్ షుగరు, వెన్నల జోడీ స్థానికుల నాలుకకు అప్పటికే అలవాటైన రుచి.

షారో బే హోటలు

లేక్ డిస్ట్రిక్టులోని అల్స్‌వాటర్ సరస్సు తూర్పు ఒడ్డున ఫ్రాన్సిస్ కౌల్సన్ 1948లో షారో బే అనే హోటలును ప్రారంభించాడు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసి మూడేళ్ళు గడిచినా, అప్పటికి బ్రిటనులో ఆహారపు రేషను ఇంకా అమలులో ఉంది. ఎండు పళ్ళపై నియంత్రణ 1950లోను, చక్కెరపై 1953లోను, వెన్నపై 1954లోను తొలగించారు. ఈ పుడ్డింగుకు కావలసిన ముఖ్య పదార్థాలన్నీ ఆ జాబితాలో ఉన్నవే. తీపికి, వెన్నకు ముఖం వాచిన ఒక తరం వారికి ఇటువంటి వంటకం ఎందుకంతగా నచ్చిందో అర్థం చేసుకోవడానికి ఈ తేదీలు ఉపకరిస్తాయి.

1952లో బ్రయన్ శాక్ కౌల్సన్‌కు భాగస్వామిగా చేరాడు. పల్లెటూరి బంగళాను అతిథుల కోసం హోటలుగా మార్చి, ఇంటి తరహాలో ఘనమైన భోజనం పెట్టే పద్ధతికి బ్రిటనులో మార్గదర్శకులుగా వీరిద్దరికీ పేరు వచ్చింది. వారి భోజనపట్టికలో ఐకీ స్టికీ టాఫీ స్పంజ్ అనే పేరుతో కనిపించిన వంటకం క్రమంగా ఆ హోటలుకే గుర్తుగా మారింది. 1970ల నాటికి అది దేశంలోని ఇతర హోటళ్ళకు, ఆ తరువాత ఇళ్ళకు, పబ్బులకు వ్యాపించింది. కౌల్సన్ 1998లో మరణించాడు. హోటలు 2020లో మూతపడింది. చాలా పుస్తకాలు, పత్రికలు ఈ వంటకానికి సృష్టికర్తగా కౌల్సన్ పేరునే పేర్కొంటూ వచ్చాయి.

క్లాటన్ కథనం

ఈ అభిప్రాయాన్ని ప్రశ్నించినవాడు వంటగాడు, రచయిత సైమన్ హాప్‌కిన్సన్. ఇతడు లాంకషైరుకు చెందినవాడు. వంటకం తన సొంత సృష్టి కాదని, లాంకషైరులోని క్లాటన్ గ్రామానికి చెందిన ప్యాట్రీషియా మార్టిన్ వద్ద తీసుకున్నదని కౌల్సన్ స్వయంగా తనకు చెప్పినట్లు హాప్‌కిన్సన్ వెల్లడించాడు. మార్టిన్ ఆ గ్రామంలో ఓల్డ్ రెక్టరీ అనే హోటలును నడిపింది. ఆమె వంట పద్ధతి 1971లో వెలువడిన ది గుడ్ ఫుడ్ గైడ్ డిన్నర్ పార్టీ బుక్ అనే సంకలనంలో అచ్చయింది.

అంతటితో కథ ముగియలేదు. మార్టిన్ కుమారుడు తరువాతి కాలంలో హాప్‌కిన్సన్‌కు మరొక సంగతి తెలియజేశాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో తమ హోటలులో బస చేసిన ఇద్దరు కెనడా వైమానికదళ అధికారులు ఈ వంట పద్ధతిని తన తల్లికి ఇచ్చారన్నది ఆ సంగతి. ఆ అధికారుల పేర్లు ఈ కథనంలో లేవు. ఇది ఒక కుటుంబంలో నిలిచిన జ్ఞాపకం మాత్రమే. దీనికి తోడుగా చెప్పుకోదగిన యుద్ధకాలపు కాగితమేదీ వెలుగులోకి రాలేదు.

కాగితం లేకపోయినా, వంటకం నిర్మాణమే కొంతవరకు సాక్ష్యమిస్తుందని హాప్‌కిన్సన్ వాదం. ఇంగ్లీషువారి సంప్రదాయ స్పంజి కేకులో మైదా, వెన్న, చక్కెర, గుడ్లు ఇంచుమించు సమానమైన తూకంలో ఉంటాయి. వెన్న, చక్కెరలను నురగ వచ్చేలా గిలకొట్టడం అందులో ప్రధానమైన పని. స్టికీ టాఫీ పుడ్డింగు పిండి అటువంటిది కాదు. వెన్న మైదాలో మూడవ వంతు మాత్రమే ఉంటుంది, నీరు ఎక్కువ, పిండి గరిటెజారుగా ఉంటుంది, పొంగడానికి సోడాపై ఆధారపడుతుంది. ఈ లక్షణాలు ఉత్తర అమెరికాలో చేసుకునే మఫిన్లకు దగ్గరగా ఉన్నాయి.

ఈ వాదం బలమైనదే గాని తిరుగులేనిది కాదు. సోడా వంటివి కలిపి పిండిని పొంగించడం ఇంగ్లాండుకు కొత్త విద్య కాదు. బర్మింగుహామ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ బర్డ్ 1843లోనే బేకింగ్ పౌడరు తయారుచేశాడు. బ్రిస్టలుకు చెందిన హెన్రీ జోన్స్ తనంత తాను పొంగే పిండికి 1845లో పేటెంటు పొందాడు. అందుచేత పిండి స్వభావాన్ని బట్టి మాత్రమే ఈ వంటకం అట్లాంటిక్ దాటి వచ్చిందని తేల్చలేము. మరోవైపు, అచ్చులో ఉన్న 1971 నాటి ఆధారం మార్టిన్ పేరుతో ఉండటం, కౌల్సన్ స్వయంగా ఆమె పేరు చెప్పినట్లు తెలియడం గమనించదగినవి. ఘనత ఇవ్వదలిస్తే పేరున్న పెద్ద హోటలు కంటే ముందు క్లాటన్ గృహిణికే ఇవ్వవలసి ఉంటుంది. కౌల్సన్ పాత్ర దీనివలన చిన్నదేమీ కాదు. ఒక ఊరి హోటలులోని వంటకాన్ని దేశమంతా ఎరిగేలా చేసినవాడు అతడే.

ఇతర వాదనలు

స్కాట్లండులోని అబెర్డీన్‌షైరులో న్యూబర్గ్ గ్రామంలోని ఉడ్నీ ఆర్మ్స్ హోటలు ఈ వంటకం 1960లలో తమ వద్దనే పుట్టిందని చెప్పుకుంది. కంబ్రియా దక్షిణ భాగంలోని కార్ట్‌మెల్ గ్రామం మరొక సందర్భం. పురాతనమైన మఠపు చర్చికి, గుర్రపు పందాల మైదానానికి పేరుపొందిన ఈ చిన్న గ్రామంలోని ఒక కిరాణా దుకాణం తయారుచేసిన పుడ్డింగు ఎంతో ఆదరణ పొంది, బ్రిటనులోని పెద్ద దుకాణాలకు చేరింది. ఇందువలన కార్ట్‌మెల్‌ను ఈ వంటకపు పుట్టినిల్లుగా భావించేవారు చాలామంది ఉన్నారు. ఆ దుకాణం పుడ్డింగు ప్రసిద్ధి 1971 నాటి పుస్తకం తరువాతి సంగతి కాబట్టి దీనిని పుట్టినిల్లు అనడం కంటే మెట్టినిల్లు అనడం సమంజసం.

ఖర్జూరం, సోడా

ఈ పుడ్డింగు తిన్నవారిలో చాలామంది అందులో ఖర్జూరం ఉన్న సంగతి గుర్తించరు. పండు ముక్కలు పంటికి తగలవు, ఖర్జూరపు రుచి విడిగా తెలియదు. పండు పూర్తిగా పిండిలో కలిసిపోయి, రంగుగాను, తేమగాను, తీపిగాను మారిపోతుంది. ఈ మార్పుకు కారణం వంటసోడా.

ఖర్జూరపు పండ్ల తోలులోను, గుజ్జులోను కణాలను అంటిపెట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. సోడా క్షారగుణం కలది. మరిగిన నీటిలో సోడా వేసి అందులో ఖర్జూరాన్ని నానబెట్టినప్పుడు క్షారం వలన పెక్టిన్ విడిపోయి కణాల పట్టు సడలుతుంది. పది పదిహేను నిమిషాలలో పండు గరిటెతో మెదిపితే గుజ్జయ్యేంత మెత్తబడుతుంది. శనగలను సోడా వేసి నానబెడితే త్వరగా ఉడకడానికి కారణం కూడా ఇదే. సోడా లేకుండా కూడా ఖర్జూరం నానుతుంది గాని తోలు పీలికలుగా మిగిలిపోతుంది.

సోడా చేసే రెండవ పని రంగుకు సంబంధించినది. చక్కెరలు, మాంసకృత్తులలోని భాగాలు వేడికి పరస్పరం చర్య జరిపి గోధుమరంగును, కమ్మని వాసనను కలిగిస్తాయి. దీనిని మైలార్డ్ చర్య అంటారు. రొట్టె పైభాగం ఎర్రబడటం, పాలు కోవాగా మారేటప్పుడు రంగు తిరగడం దీనికి ఉదాహరణలు. క్షారగుణం ఉన్నచోట ఈ చర్య వేగంగా జరుగుతుంది. ఖర్జూరంలో గ్లూకోజు, ఫ్రక్టోజు సమృద్ధిగా ఉండటం కూడా దీనికి దోహదం చేస్తుంది. మామూలు చక్కెర నేరుగా ఈ చర్యలో పాల్గొనదు. గ్లూకోజు, ఫ్రక్టోజు పాల్గొంటాయి. అందుచేతనే ఈ కేకు నల్లని రంగులేవీ కలపకుండానే చిక్కని గోధుమరంగులో వస్తుంది.

మూడవది పొంగు. బ్రౌన్ షుగరులో మిగిలి ఉన్న మొలాసిస్‌కు, అనగా చెరకు మడ్డికి, స్వల్పంగా ఆమ్లగుణం ఉంటుంది. అది సోడాతో కలిసినప్పుడు బొగ్గుపులుసు వాయువు విడుదలై పిండి పొంగుతుంది. పిండిలోని బేకింగ్ పౌడరు దీనికి తోడవుతుంది. సోడా కొలత మించితే మిగిలిపోయిన క్షారం వలన కేకుకు సబ్బు వాసన వస్తుంది. ఈ వంటకంలో తరచు జరిగే పొరపాటు ఇదే.

ఫ్రక్టోజు గాలిలోని తేమను పీల్చుకొని నిలుపుకునే స్వభావం కలది. ఇందువలన వెన్న తక్కువగా ఉన్నప్పటికీ ఈ కేకు రెండు మూడు రోజుల వరకు ఎండిపోదు. పైగా మరుసటి రోజుకు రుచి మెరుగుపడుతుందని చాలామంది వంటగాళ్ళు చెబుతారు.

తయారీ

వంట పుస్తకాలలో కొలతలు కొద్దికొద్దిగా మారుతూ ఉంటాయి. 20 సెం.మీ. చదరపు పళ్ళేనికి, అనగా తొమ్మిది ముక్కలకు, సాధారణంగా సరిపోయే కొలతలు ఇవి: గింజలు తీసిన మెత్తని ఖర్జూరం 175 గ్రా., మరుగుతున్న నీరు 250 మి.లీ., వంటసోడా ఒక చెంచా, వెన్న 60 గ్రా., బ్రౌన్ షుగరు 150 గ్రా., కోడిగుడ్లు రెండు, మైదా 175 గ్రా., బేకింగ్ పౌడరు రెండు చెంచాలు, చిటికెడు ఉప్పు. సాసుకు బ్రౌన్ షుగరు 175 గ్రా., వెన్న 100 గ్రా., చిక్కని క్రీము 250 మి.లీ., కొద్దిగా వెనిల్లా, కొద్దిగా ఉప్పు కావాలి. చెంచా అన్నచోట 5 మి.లీ. పట్టే చిన్న చెంచా అని గ్రహించాలి.

ఖర్జూరాన్ని చిన్న ముక్కలుగా తరిగి, సోడా కలిపి, మరుగుతున్న నీటిని పోయాలి. నురగ వచ్చి, కాసేపటికి నీరు నల్లబడుతుంది. గోరువెచ్చగా చల్లారిన తరువాత గరిటెతో మెదపాలి. పూర్తిగా నున్నగా రుబ్బాలా, కొన్ని ముక్కలు మిగల్చాలా అన్నది తినేవారి ఇష్టం. వేరొక గిన్నెలో వెన్న, చక్కెర కలిపి గిలకొట్టి, గుడ్లు ఒకటి తరువాత ఒకటి వేసి కలపాలి. ఖర్జూరం వేడిగా ఉండగా గుడ్లలో కలిపితే గుడ్డు ఉడికి తునకలు కడుతుంది. తరువాత బేకింగ్ పౌడరు, ఉప్పు కలిపి జల్లించిన మైదాను, ఖర్జూరపు గుజ్జును నీటితో సహా వేసి, పొడి పిండి కనిపించనంత వరకు మాత్రమే కలపాలి. ఎక్కువసేపు కలిపితే మైదాలోని జిగురు సాగి కేకు గట్టిగా వస్తుంది.

పిండి దోసెల పిండి కంటే కొంచెం జారుగా ఉన్నట్లు కనిపిస్తుంది. దానిని చూసి మరికొంత మైదా కలపడం తగదు. ఖర్జూరపు పీచు ఓవెనులో ఆ నీటిని పీల్చుకుంటుంది. వెన్న రాసి కాగితం పరచిన పళ్ళెంలో పోసి, ముందుగా వేడిచేసిన ఓవెనులో 180 డిగ్రీల వద్ద 30 నుండి 40 నిమిషాలు కాల్చాలి. మధ్యలో సన్నని పుల్ల గుచ్చి తీసినప్పుడు పచ్చిపిండి అంటకుంటే సిద్ధమైనట్లే. ఈ కేకు మొదటి నుండీ ముదురు రంగులో ఉంటుంది కాబట్టి రంగును బట్టి పక్వాన్ని నిర్ణయించడం సాధ్యం కాదు.

కేకు కాలుతుండగా సాసు చేసుకోవచ్చు. వెన్న, చక్కెర, క్రీములో సగం కలిపి సన్నని సెగపై ఉంచి, చక్కెర పలుకులు పూర్తిగా కరిగేవరకు కలపాలి. తరువాత సెగ పెంచి మూడు నాలుగు నిమిషాలు మరగనిచ్చి, దించి, మిగిలిన క్రీము, ఉప్పు, వెనిల్లా చేర్చాలి. చక్కెర కరగకముందే మరగనిస్తే చల్లారాక సాసు పలుకులు కడుతుంది. ఉప్పు వేయడం చిన్న విషయంగా కనిపించినా, అది లేని సాసు వట్టి తీపిగా మిగిలిపోతుంది.

సాసు పోసే పద్ధతిలోనే ఈ వంటకం మామూలు ఖర్జూరపు కేకు నుండి వేరవుతుంది. ఓవెను నుండి తీసిన వెంటనే కేకుకు పుల్లతో అక్కడక్కడ రంధ్రాలు చేసి, సాసులో మూడవ వంతు పైన పోసి, పళ్ళేన్ని మళ్ళీ పై సెగ కింద రెండు మూడు నిమిషాలు ఉంచుతారు. సాసు బుడగలు కట్టి, అంచుల వద్ద కొద్దిగా మాడినట్లయి, కేకులోకి ఇంకుతుంది. పేరులోని జిగట ఈ పొర వలన ఏర్పడినదే. మిగిలిన సాసును ముక్కలు వడ్డించేటప్పుడు వేడిగా పోస్తారు. పక్కన వెనిల్లా ఐస్ క్రీము, చల్లని క్రీము లేదా కస్టర్డు ఉంచుతారు. చల్లనిదాన్ని పక్కన పెట్టడం అలంకారం కోసం మాత్రమే కాదు. ఇంత తీపిని తగ్గించి నాలుకకు విశ్రాంతినిచ్చేది అదే.

తెలుగు వంటిళ్ళలో

ఖర్జూరపు చెట్టు శాస్త్రీయ నామం ఫీనిక్స్ డాక్టిలిఫెరా. తెలుగునేల అంతటా కనిపించే ఈతచెట్టు, ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్, ఇదే ప్రజాతికి చెందినది. ఈతపండులో గింజ పెద్దది, గుజ్జు పలుచన కాబట్టి ఈ వంటకానికి పనికిరాదు. రంజాను మాసంలో హైదరాబాదు బజారులలో విరివిగా అమ్మే మెత్తని ఖర్జూరం చక్కగా సరిపోతుంది. రాయిలా గట్టిగా ఉండే ఎండు ఖర్జూరాన్ని వాడదలిస్తే రాత్రంతా నానబెట్టినా ఫలితం అంత బాగుండదు.

బ్రౌన్ షుగరుకు బదులు బెల్లం వాడవచ్చు. రెండింటిలోను మొలాసిస్ ఉంటుంది కాబట్టి రుచి దూరం కాదు. తాటిబెల్లంతో రంగు మరింత చిక్కగా వస్తుంది. అయితే సాసు విషయంలో జాగ్రత్త అవసరం. పరమాన్నం వండేవారికి తెలిసినట్లే, మరుగుతున్న పాలలో బెల్లం వేస్తే పాలు విరుగుతాయి. కొవ్వు బాగా ఉన్న చిక్కని క్రీము అంత సులభంగా విరగదు గాని, కొవ్వు తక్కువగా ఉండి డబ్బాలలో దొరికే పలుచని క్రీము విరిగే అవకాశం ఉంది. బెల్లాన్ని ముందుగా వెన్నతో, కొద్దిపాటి నీటితో కరిగించి, వడగట్టి ఇసుకను తీసివేసి, కొంత చల్లారాక క్రీము కలపడం మేలు.

ఓవెను లేనివారు మందపాటి ప్రెషరు కుక్కరులో అడుగున ఉప్పు లేదా ఇసుక పరచి, దానిపై స్టాండు ఉంచి, రబ్బరు, విజిలు తీసివేసి సన్నని సెగపై కేకు కాల్చడం తెలుగు ఇళ్ళలో ఎరిగిన పద్ధతే. ఈ కేకును ఆ విధంగా 45 నిమిషాల నుండి గంటలోపు చేయవచ్చు. పై సెగ ఉండదు కాబట్టి సాసు పొర బుడగలు కట్టదు. రంధ్రాలు చేసి సాసు పోసి మూతపెట్టి ఉంచితే చాలు. గుడ్లు తిననివారు వాటికి బదులు గడ్డపెరుగు వాడతారు. ఖర్జూరపు గుజ్జుకు పిండిని పట్టి ఉంచే గుణం ఉన్నందున గుడ్లు లేని లోపం ఇతర కేకులలో కంటే ఇందులో తక్కువగా తెలుస్తుంది.

పోషక విషయాలు

పైన ఇచ్చిన కొలతల ప్రకారం తొమ్మిది ముక్కలకు వాడిన చక్కెర మొత్తం 325 గ్రా.; అంటే ముక్కకు సుమారు 36 గ్రా. ఖర్జూరంలోని చక్కెర దీనికి అదనం. రోజుకు 2000 కిలోకాలరీల ఆహారం తీసుకునే పెద్దవారు కలుపుకునే చక్కెరలు 50 గ్రా. దాటకూడదని, 25 గ్రా. లోపు ఉంటే మరింత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. ఖర్జూరం ఉన్నందున ఇది ఆరోగ్యకరమైన తీపి అని కొన్ని ప్రచారాలలో కనిపించే మాట సరికాదు. మధుమేహం ఉన్నవారికి బెల్లం వాడిన పుడ్డింగైనా తేడా ఏమీ ఉండదు.

పోలిన వంటకాలు

దక్షిణాఫ్రికాలో కేప్ బ్రాందీ పుడ్డింగు అనే వంటకం ఉంది. దానిలోనూ ఖర్జూరాన్ని సోడా కలిపిన వేడినీటిలో నానబెట్టి, కాల్చిన కేకుపై వేడి పాకాన్ని పోస్తారు. పాకంలో బ్రాందీ కలపడం తేడా. అదే దేశపు మాల్వా పుడ్డింగులో ఖర్జూరానికి బదులు ఆప్రికాట్ జామును వాడతారు. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో 1929 తరువాతి ఆర్థిక మాంద్యకాలంలో వాడుకలోకి వచ్చిన పూడింగ్ షోమర్, అనగా నిరుద్యోగి పుడ్డింగు, మామూలు కేకు పిండిపై బ్రౌన్ షుగరు లేదా మేపుల్ పాకం పోసి కాల్చేది. ఇందులో ఖర్జూరం లేదు. ఇద్దరు కెనడా అధికారుల కథనాన్ని నమ్మేవారు, వేడి పాకంలో తడిపిన చవక కేకుల అలవాటు ఆ దేశంలో అప్పటికే ఉందనడానికి దీనిని చూపవచ్చు; అంతకు మించి దీని నుండి ఏ నిర్ణయానికీ రాలేము.

బ్రిటనులో దీనిని అనుకరించి అల్లం, యాపిల్, అరటిపండు, అంజూరం కలిపిన రకాలు, టాఫీ రుచి గల ఐస్ క్రీములు వచ్చాయి. కొందరు సాసులో నల్లని ట్రీకిల్‌నో, బంగారు రంగు చెరకు పాకాన్నో కలుపుతారు. కేకులో అక్రోటు పప్పు వేసేవారు కూడా ఉన్నారు గాని, మెత్తగా ఉండవలసిన ఈ కేకులో పప్పు పంటికి అడ్డం పడుతుందని దానిని ఒప్పుకోనివారే ఎక్కువ. కాల్చిన కేకును సాసు పోయకుండా గాలి తగలని సంచిలో కట్టి ఫ్రీజరులో మూడు నెలల వరకు నిలవ ఉంచవచ్చు. తినేముందు సాసును తాజాగా కాచి, వేడిచేసిన కేకుపై పోసుకోవాలి.